దొర అన్న మాట

ఈ రోజు చేయాల్సినవి. చెట్ల మొదళ్ళలో డ్రిప్పు పైపులు ఎండాకులతో కప్పించాలి. కెమెరాకి కనిపించే పదకొండు చెట్ల కాయలకి కట్టిన కాగితం సంచులు విప్పించాలి, బసవపున్నారావు గారిని ముందు అడిగి. డప్పులవాళ్ళ చేతి వాచీలు తీయించాలి. పులి మనిషికి మజ్జిగ. చాట్రాయి రోడ్డు మీద ట్రాక్టర్లు ఆపడానికి ఇద్దరు. మామ్మకి ఎనిమిదింటికి బీపీ బిళ్ళ. మామ్మకి నీడలో కుర్చీ, చేతులున్న కుర్చీ. మామ్మ వేలిముద్ర.

అన్నిటికీ టిక్కు పెట్టాను, చివరిదానికి తప్ప. స్టాంపు ప్యాడు నా సంచిలో ఉంది, కాగితం ప్లాస్టిక్ కవర్లో ఉంది, మామ్మ పది అడుగుల దూరంలో కుర్చీలో ఉంది, మధ్యలో అడ్డం ఏమీ లేదు. అయినా నేను మామిడి మొదలుకి ఆనుకుని నిలబడి ఆకాశం చూస్తున్నాను. పదకొండుంబావుకి మబ్బు పట్టింది. పొద్దున తీసిన ముక్కలో ఎండ ఉంది కాబట్టి మిగతా ముక్కకీ ఎండే కావాలట. డైరెక్టర్ రవిచంద్ర గారు నల్లద్దం కంటికి పెట్టుకుని మబ్బుని చూసి "గంట పడుద్ది" అన్నారు, అరవై మందీ ఎక్కడివాళ్ళక్కడ కూలబడ్డారు. గంట. ఆ గంటలో మామ్మ వేలిముద్ర పడితే మా ముత్తాత జోజి పేరు సినిమాలో ఉంటుంది, పడకపోతే పేరు మార్చి అదే చావు తీస్తారు. సంగతి ఇంతే. పొద్దున తొమ్మిది దాకా నాకు ఇది చాలా తేలికగా కనిపించింది, ఒక వేలు, ఒక కాగితం, మా ఇంట్లో ఎవరి పేరూ ఎక్కని చోట ఒక పేరు. ఇప్పుడు సంచిలో చెయ్యి పెట్టి ప్యాడు తడుముతాను, మూత తీస్తాను, మళ్ళీ పెడతాను, ఇంకు వాసన చేతికి అంటుకుంది.

సినిమా ఒక దొరదీ ఒక పులిదీ. ఎనభై ఏళ్ళ కిందట, ఈ మెట్ట మీద తోటల కంటే అడవి ఎక్కువున్న రోజుల్లో, ఒక పులి మందల్లో పడి, ఆ తర్వాత మనుషుల మీద పడి, దొర మూడు ఎండాకాలాలు దాని వెంట తిరిగి చివరికి దాన్ని కొడతాడు. రెండో ఎండాకాలంలో, వాగు ఎండిపోయి ఒక్క మడుగు మిగిలినప్పుడు, డప్పులు కొట్టి పులిని దొర కూర్చున్న మంచె వైపు తోలతారు. తోలేవాళ్ళలో ఒకణ్ణి పులి చంపుతుంది. అది చూసి దొర మనసు మారుతుంది, అప్పటిదాకా సరదా అయిన వేట అప్పటినుంచి పగ అవుతుంది, ఇంటర్వెల్ అక్కడ. ఆ డప్పు మనిషి మా మామ్మ సవరమ్మ తండ్రి. ఆ ముక్క సినిమాకి ఇచ్చింది నేను. ఎం.ఏ. చరిత్ర చదివి, బీఎడ్ చేసి, డీఎస్సీ ఎప్పుడు వేస్తారా అని చూస్తున్న నాకు వీళ్ళ జాబితాలో 'రీసెర్చ్' అని పేరు, అంటే ఊళ్ళో మనిషి అని అర్థం, డప్పులు ఎక్కడ దొరుకుతాయో, పాత మట్టి కుండలు ఎవరింట్లో ఉన్నాయో, ఏ ముసలాయనకి ఏ కథ గుర్తుందో చెప్పే మనిషి. మా ఇంట్లో డిగ్రీ దాటిన మొదటిదాన్ని. రీసెర్చ్ అన్న మాట విని మా నాన్న సువర్ణరాజు రెండు రోజులు ఎదురైన వాళ్ళందరికీ చెప్పుకున్నాడు, ఆ మాట నోరు తిరక్క రిసార్టు అని చెప్పాడు, మా అమ్మాయి సినిమావాళ్ళ రిసార్టులో చేస్తుందని, అదేం పనో అని జనం కొంచెం అదోలా చూశారు కూడా.

పోయిన వానాకాలం రవిచంద్ర గారు పులి సంగతి తెలిసిన పాతవాళ్ళు కావాలంటే నేనే మా ఇంటికి తీసుకెళ్ళాను. మామ్మ అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. తలెత్తకుండా చెప్పింది, ఒకే ఊపిరిలో, జపం చెప్పినట్టు, "మా నాన్న జోజండీ. డప్పు కొట్టేవోడు. అడివి తోలడానికి పోయాడు. దొర పొట్టన బెట్టుకున్నాడు." ఆయన పెన్ను ఆపి "దొర అంటే?" అన్నారు. మామ్మ నోరు తెరిచింది, నాకు గుర్తుంది, తెరిచిన నోరు గుర్తుంది, కానీ అందులోంచి మాట రాకముందే నేను చెప్పేశాను. "సార్, మావాళ్ళు అడవిలో పులి పేరెత్తరండీ. ఎత్తితే వినపడి వచ్చుద్దని భయం. దొర అంటారు. దొర దిగాడు, దొర నీళ్ళకొచ్చాడు, అలా." అబద్ధం కాదు. మా నాన్న ఇప్పటికీ టీవీలో పులి కనిపిస్తే "దొర దిగాడ్రోయ్" అంటాడు. రవిచంద్ర గారి మొహం వెలిగిపోయింది. దొర పొట్టన పెట్టుకున్నాడు, అంటే పులి తినేసింది, అబ్బ, ఏం మాట అమ్మా, అని నోటుబుక్కులో రాసి కింద రెండు గీతలు గీసుకున్నారు. నేను చదువుకున్న చదువు మొదటిసారి ఎవరికో పనికొచ్చిందని నాకు గర్వంగా ఉంది. మామ్మ నోరు మూసుకుని గింజలు తీసుకుంది.

అప్పటినుంచి ఆ మాట అలాగే కాగితాల మీద నడిచింది, స్క్రిప్టులోకి వెళ్ళింది, బొమ్మలు గీసే ఆయన గీశాడు, పులి నోరు, డప్పు, రక్తం. పొద్దున తొమ్మిదింటికి మొదటి ముక్క తీశారు. నలభై డప్పులు ఒక్కసారి మోగితే చెట్ల మీది కాయలు ఊగాయి. పులిగా దూకేది తరుణ్ అనే అబ్బాయి, ఫైటర్, ఒంటికి అంటుకున్న నీలం గుడ్డలు వేసుకుని, మొహానికి కూడా నీలం, కళ్ళు ఒక్కటే బయట. మామ్మ కుర్చీలోంచి కాస్త ముందుకి వంగింది.

"ఈ నీలం బాబు ఎవరే?"

"పులి మామ్మా."

"తోకేది?"

"తర్వాత కంప్యూటర్లో పెడతారు."

డప్పుల వరసలోంచి ఎవరో "మామ్మగారూ, పులికి ముందు పెళ్ళి చేయాలి, తోక తర్వాత చూద్దాం" అన్నారు, అందరూ నవ్వారు, తరుణ్ కూడా లోపల్నుంచి నవ్వాడు, నీలం గుడ్డ ఊగింది. మామ్మ నవ్వలేదు. తరుణ్ పొదలోంచి దూకాడు, మా ముత్తాతగా వేసినాయన డప్పుతో సహా వెల్లకిలా పడ్డాడు, మెడ దగ్గర పట్టుకున్న ఎర్రరంగు సంచి చిట్లింది.

"అదేంటే, పులొచ్చింది?" అంది మామ్మ.

"నువ్వు చెప్పిందేగా మామ్మా."

"నేనా? నేను పులన్లేదే."

"దొర అన్నావు."

"ఆఁ. దొరన్నాను." మంచె మీద తుపాకీతో కూర్చున్న హీరోని చూపించి అడిగింది. "ఆయన పేల్చడా?"

"తర్వాత సీన్లో పేలుస్తాడు."

"తర్వాతా?" అంది మామ్మ. అంతే. మంచినీళ్ళు అడిగింది, తాగింది, చీర చెంగుతో మూతి తుడుచుకుంది.

ఆ తర్వాతా అన్న ఒక్క ముక్క నా చెవిలో తిరుగుతోంది. అది ప్రశ్నా? సినిమా సంగతి తెలియని ముసలామె ఊరికే అన్నదా? ఎనభై ఆరేళ్ళు, చెవి కొంచెం మందం, డప్పుల మోత, ఏదో అనుకుని ఏదో అని ఉంటుంది. కాని దొరన్నాను అన్నప్పుడు గొంతు మందంగా లేదు. దొర అన్నది. ఏ దొర? పులిని దొర అంటారు, నిజం. దొరని కూడా దొర అంటారు, అదీ నిజం, అది మరీ నిజం. పొట్టన పెట్టుకోవడం పులి చేస్తే తినడం, మనిషి చేస్తే చావుకి కారణం కావడం, మా వీధిలో రోజూ వినపడే మాటే, వాడు పెళ్ళాన్ని పొట్టన పెట్టుకున్నాడు, ఆ డాక్టరు నా బిడ్డని పొట్టన పెట్టుకున్నాడు. ఎవరూ తినరు. నేను మాత్రం తిన్నాడని చెప్పాను. పులి అని చెప్పి ఉంటే పెట్టుకుంది అని వచ్చేది, తేలిపోయేది, కాని దొర అన్నాక పులి కూడా పెట్టుకున్నాడే అవుతుంది, వ్యాకరణం కూడా దారి చూపించదు. పరీక్షలో అయితే రెండు అర్థాలూ రాసి, చెరో రెండు మార్కులు తెచ్చుకునేదాన్ని. ఇక్కడ ఒకటే తీస్తారు. ఒకటి తీసేశారు కూడా, సగం.

మబ్బు కదలడం లేదు. రెడ్డిగూడెం వైపు తెల్లగా ఉంది, మా నెత్తి మీదే బూడిదగా ఉంది. తరుణ్ తల మీది నీలం తొడుగు వెనక్కి తోసి, రాలిన చిన్నరసం ఒకటి పిసికి తాగుతున్నాడు. నేనిచ్చిన మజ్జిగ పక్కనే ఉంది. "పులికి పళ్ళ తోటలో ఏం పనిరా" అని ఒకాయన, "దానికి షుగరుందేమో అడుగు" అని ఇంకొకాయన. షుగర్. మామ్మ మామిడిపండు తినదు. షుగరని తినదని నేను అనుకునేదాన్ని, అందరికీ అదే చెప్పేదాన్ని, కాని షుగర్ బయటపడింది నేను ఇంటర్‌లో ఉండగా, మామ్మని పరీక్షకి తీసుకెళ్ళింది నేనే, చీటీ చదివింది నేనే. అంతకు ముందు కూడా తినలేదు. నా చిన్నప్పుడు ప్రతి వేసవిలో ఈ తోటలోంచే, దొరగారి ఇంటి నుంచి, మా ఇంటికి ఒక బుట్ట చిన్నరసాలు వచ్చేవి, వరిగడ్డి పరిచి పేర్చినవి. ఎందుకు నాన్నా మనకి అంటే "మీ ముత్తాత డప్పంటే దొరగారికి పాణం, అందుకని" అనేవాడు మా నాన్న. మామ్మ ఆ పళ్ళు వీధి పిల్లలకి పంచేసి, బుట్ట కడిగి ఎండలో బోర్లించేది. మేము తినేవాళ్ళం, మోచేతుల దాకా కారుతుండగా, మామ్మ గుమ్మంలో కూర్చుని చూసేది. ఎవరైనా మామ్మా నీకో అంటే "మీరు తినండి" అనేది. కోపం లేదు ఆ మాటలో. నాకు ఎప్పుడూ ఏమీ అనిపించలేదు. ఇప్పుడు అనిపిస్తోంది, కాని ఇప్పుడు అనిపించేది నిజమా, పొద్దుటి నుంచి నేను వెతుకుతున్నాను కాబట్టి దొరుకుతోందా? మామిడిపండు ఇష్టం లేనివాళ్ళు ఉండరా, ఇక్కడ కూడా ఒకరో ఇద్దరో ఉంటారు.

చరిత్ర చదివినదాన్ని కదా, కాగితం ఉందా అని వెతికాను, అప్పుడే వెతికాను. మాది కేథలిక్ చర్చికి, మా మాటలో గుడికి, వెళ్ళే ఇల్లు, నాకు షాలోమి అని పేరు రావడం మా అమ్మవాళ్ళ సంఘం వేరు కావడం వల్ల, మామ్మ మాత్రం ఆదివారం పూజ మానదు. విచారణలో, అంటే చర్చి ఆఫీసులో, చావుల పుస్తకం ఉంది. అప్పటి గురువు ఇటలీ ఆయన, లాటిన్‌లో రాసేవాడు. ఇప్పటి ఫాదర్ గారు కళ్ళజోడు సర్దుకుని చదివి చెప్పారు, జోజి, వయసు సుమారు ముప్ఫై, భార్య, ఒక ఆడపిల్ల, వేటలో. అంతేనా ఫాదర్ అంటే అంతేనమ్మా అన్నారు. వేటలో. నేను సంతోషంగా ఫోటో తీసుకున్నాను, సాక్ష్యం దొరికిందని రవిచంద్ర గారికి పంపాను. వేటలో పులీ ఉంటుంది, తుపాకీ కూడా ఉంటుంది. ఆ పేజీలో జోజి పేరుకి రెండు వరసల పైన ఒకామె ఉంది, ఆమె పేరు పక్కన పాము అని స్పష్టంగా రాశాడు ఆ గురువు. పాముని పాము అని రాసినాయన పులిని పులి అని ఎందుకు రాయలేదు? తొందరలో ఉన్నాడా? ఎవరైనా పక్కన నిలబడి ఉన్నారా? అది నేను అప్పుడే అడగాల్సింది, అలాంటివి అడగడమే నేర్పింది ఎం.ఏ.లో, నాకు మార్కులు కూడా బాగానే వచ్చాయి.

ఇంకొకటి ఉంది, అది గుర్తుకు రాకుండా ఉంటే బాగుండు. ఇంటర్ పరీక్షలప్పుడు మా వీధిలో ఒక పెద్దామె పోతే మామ్మ స్నానం చేయించడానికి వెళ్ళి వచ్చింది. తల తుడుచుకుంటూ, పుస్తకం ముందున్న నాతోనో, గోడతోనో అంది, "మా అమ్మ మా నాన్నకి నీళ్ళు పోస్తూ భుజం కింద బొటనేలు పెట్టి మూసిందంట. నీళ్ళు లోపలికి పోతాయని." నేను తలూపాను. మర్నాడు సివిక్స్. పన్ను దిగిన చోటు అనుకున్నాను, అనుకోవడం కూడా కాదు, పులి కథ ముందే ఉంది కాబట్టి అది దానంతటది అందులో సర్దుకుంది. పులి పన్ను బొటనవేలంత ఉంటుంది, ఇందాక ఫోన్‌లో చూశాను, సిగ్నల్ ఒక గీతే వస్తోంది ఇక్కడ. పులి ఒక్క పన్నుతో కరుస్తుందా? మిగతా చిల్లులు లేవని మామ్మ అనలేదు. ఉన్నాయని కూడా అనలేదు. ఒక వేలు సరిపోయింది అని మాత్రం అంది. మామ్మకి అప్పుడు నాలుగేళ్ళు, తను చూసిందో, తల్లి చెబితే విన్నదో, అంట అంది కాబట్టి విన్నదే అయి ఉంటుంది. విన్నది కాబట్టి... కాబట్టి ఏమిటి?

"ఏమ్మా షాలోమి, మీవాళ్ళకి ఎండ కావాలా? నాకైతే గాలి రాకుండా ఉంటే చాలు." బసవపున్నారావు గారు, తెల్ల చొక్కా, తల మీద తడి తువ్వాలు. తోట ఆయనదే. సినిమాలో దొర ఆయన తాతగారు. మా నాన్న ముప్ఫై ఏళ్ళు ఈయన చెట్ల కింద గెడకి వల కట్టిన చిక్కం పట్టి కాయ దించాడు, ఇప్పుడు భుజం లేవక మానేశాడు. నేను డిగ్రీలో చేరేటప్పుడు కాలేజీకి ఫోన్ చేసి మా అమ్మాయే, చూడండి అన్నది ఈయనే. "కోతకి పది రోజులుంది. గాలి లేచిందంటే కాయంతా నేలపాలు. పదకొండు చెట్లన్నావు, పదమూడు విప్పారు మీ కుర్రాళ్ళు. సంచులు మళ్ళీ కట్టించు తల్లీ."

"కట్టిస్తానండీ."

"మీ మామ్మనెందుకు తెచ్చావు ఈ వడలో? సవరమ్మా, బాగున్నావా?" అని గట్టిగా పలకరించారు. మామ్మ చెయ్యి ఎత్తి దణ్ణం పెట్టింది. అది ఎప్పుడూ పెట్టే దణ్ణమే, దానిలో ఏదైనా ఉందేమో అని ఈ రోజు కొత్తగా చూస్తున్నాను.

అడగకూడదనుకుంటూనే అడిగాను. "తాతగారు పులిని కొట్టింది మూడో ఎండాకాలంలోనేనాండీ?"

"ఏమో తల్లీ, మీ సినిమావాళ్ళే కొట్టిస్తన్నారుగా." నవ్వారు. "మా నాన్న చెప్పేవాడు, డప్పాయన పోయిన ఏడే తుపాకీ ముట్టడం మానేశాడంట మా తాత. మళ్ళీ అడివికే పోలేదంట. పులిని కొడితే తోలుండాలిగా ఇంట్లో. దుప్పి కొమ్ములున్నయ్, కావాలంటే చూపిస్తా."

"మరి సార్‌కి చెప్పలేదాండీ?"

"చెప్పాగా. పులిని కొట్టకపోతే సినిమా ఏంటండీ అన్నాడు. నాకూ నిజమే అనిపించింది." తువ్వాలు పిండి మళ్ళీ వేసుకుని సంచుల వైపు వెళ్ళిపోయారు. ఆ మనిషి మొహంలో దాపరికం ఏమీ లేదు. ఉంటే నాకు సులువయ్యేది. మానేశాడంట. ఎందుకు మానేస్తారు? తన కోసం డప్పు కొట్టినవాణ్ణి పులి తింటే కూడా మానేయొచ్చు, మనసున్నవాడైతే. ఏటేటా పళ్ళ బుట్ట పంపొచ్చు. ఇంకో కారణానికీ మానేయొచ్చు, ఇంకో కారణానికీ పంపొచ్చు. ఏ చిల్లు తీసుకున్నా, ఏ బుట్ట తీసుకున్నా, ఏ మాట తీసుకున్నా రెండు వైపులకీ సరిగ్గా సరిపోతోంది, కొలత తీసి కుట్టినట్టు. మంచె మీద ఒక మనిషి, పొదల్లో ఏదో కదిలింది, డప్పులు దగ్గరికి వచ్చేశాయి, అది దొరా, మనిషా, కదిలింది, అంతే కదా, అర నిమిషం. లేదా నిజంగానే అది దూకింది. నేను అక్కడ లేను. ఎవరూ లేరు ఇప్పుడు.

కాళ్ళు రవిచంద్ర గారి దగ్గరికి తీసుకెళ్ళాయి. ఆయన స్టూలు మీద కూర్చుని పెరుగన్నం తింటున్నారు. నిలబడే చెప్పాను, వరసగా చెప్పాలని ఎంత అనుకున్నా వేలు ముందు వచ్చింది, బుట్ట తర్వాత వచ్చింది, దొర అన్న మాట చివర వచ్చింది. ఆయన ప్లేటు కింద పెట్టేశారు.

"షాలోమి, ఇప్పుడా?"

"ఇప్పుడే తెలిసింది సార్."

"ఏం తెలిసింది? పులి కాదని తెలుసా నీకు?"

"తెలీదు సార్."

"మరి?"

"పులి అని కూడా తెలీదు సార్. నేనే చెప్పాను అప్పుడు. మామ్మ చెప్పబోతుంటే నేను చెప్పేశాను."

ఆయన స్టూలు నా వైపు తిప్పుకున్నారు. అరిస్తే బాగుండు అనిపించింది, అరవలేదు. "ఈ సీను మీదే సినిమా నిలబడి ఉంది. నేను తిప్పలేను. మామ్మగారు వేలిముద్ర వేస్తే జోజి గారి పేరుంటుంది, చివర్లో తెర మీద విడిగా కూడా వేస్తాను, నీకు మాటిచ్చాను. వేయకపోతే పేరు మార్చేద్దాం, మీ వాళ్ళ జోలికి రాము. అంతకంటే నా చేతిలో లేదమ్మా." ప్లేటు మళ్ళీ తీసుకున్నారు, తినలేదు.

పేరుంటే చావు మాది కాదు. చావుని మా దగ్గరే ఉంచుకుంటే పేరు పోతుంది. మాకు ఫోటో లేదు, సమాధి మీద రాయి లేదు, పొలానికి పట్టా లేదు, లాటిన్‌లో ఒక వరస ఉంది, అది ఎవరూ చదవలేరు. పెద్ద తెర మీద పెద్ద అక్షరాలతో జోజి. మా నాన్న ఏలూరు వెళ్ళి మరీ చూస్తాడు. పులే అయి ఉండొచ్చు కదా. సగం సగం. సగం అవకాశానికి పూర్తి పేరు, చెడ్డ బేరం కాదు. ఇది నేను ఆలోచిస్తున్నానా, ప్రొడక్షన్ మేనేజర్ నాగరాజు గారు ఆలోచిస్తున్నాడా నా బుర్రలో? ఆయన నిజంగానే వచ్చాడు, చేతిలో ఫోను, "అమ్మాయ్, అయిందా? మబ్బు విడిపోతంది."

"చదివి వినిపించి వేయిస్తానండీ."

"చదవడం ఎందుకమ్మా, ఆవిడికి తెలిసిందేగా, బొటనేలు అద్దించేయ్."

మా నాన్నది ఒకటే పట్టుదల, నేను అయిదో తరగతి నుంచి వింటున్నాను, వేలిముద్ర వేసేవాళ్ళ ఇంట్లో చదువుకున్న పిల్ల ఉన్నాక చదివి వినిపించకుండా ముద్ర పడకూడదు. రేషన్ కాగితం, ఆసుపత్రి కాగితం, పక్కింటివాళ్ళ నోటీసు, అన్నీ నేను పైకి చదివాకే వేలు కదిలేది. మామ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. కాగితం తీశాను. మామ్మ అలవాటు కొద్దీ కుడి చెయ్యి ముందుకి చాపి బొటనవేలు విడిగా పెట్టింది. ఆ వేలు చూస్తూ చదివాను, ఒక్క మాట మార్చకుండా, మింగకుండా. సవరమ్మ అను నేను, నా తండ్రి జోజి వేటలో పులి దాడి వలన మరణించిన సంఘటనను, అతని పేరుతో సహా, చలనచిత్రంలో చూపుటకు ఇందుమూలముగా.

"పులని రాశారా?" అంది మామ్మ.

"రాశారు మామ్మా."

"అది కొట్టేసి దొరని రాయమను. నేను చెప్పింది అదేగా. రాస్తే ఏస్తా."

నాగరాజు గారు నా మొహం చూశాడు, తర్వాత దూరంగా సంచులు కట్టిస్తున్న బసవపున్నారావు గారిని చూశాడు. గొంతు తగ్గించాడు. "మామ్మగారూ, దొరంటే అర్థం మారిపోద్ది కదండీ."

"నేనేం మార్చలా నాయనా. మా అమ్మ చెప్పిన మాట. అదే చెప్పాను."

"అది కాదండీ, చూసేవోళ్ళు ఇంకోలా అనుకుంటారు. లాయరు ఒప్పుకోడు."

"అనుకుంటే అనుకోనీ. ఒప్పుకోకపోతే వద్దులే." మామ్మ వేలు లోపలికి మడిచి గుప్పిట మూసింది, చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. కాఠిన్యం ఏమీ లేదు, బజార్లో బేరం కుదరక కూరగాయలు బుట్టలో తిరిగి పెట్టినట్టు ఉంది. నాగరాజు గారు ఫోన్‌లో ఎవరితోనో "పేరు మార్చండి, ఆఁ, సోములు అని పెట్టండి" అంటూ వెళ్ళిపోయాడు. సోములు ఎవరో నాకు తెలీదు. ఎవరూ కాదు, అందుకే పెట్టారు.

నేను లేవలేదు. మామ్మ మోకాలి మీద చెయ్యి వేసి, ఎవరికీ వినపడకుండా, పోయిన వానాకాలం అడగాల్సింది ఇప్పుడు అడిగాను. "మామ్మా, ఏ దొర?"

మామ్మ నన్ను చూడలేదు. "మా అమ్మని నేనూ అడిగాను. ఒక్కసారే."

"ఏమంది?"

"అన్నం పెట్టింది."

ఎండ వచ్చింది. ఆకుల మధ్య నుంచి ఒక్కసారిగా నేల నిండా పడింది, అరవై మందీ లేచారు, తరుణ్ మొహం మీదకి నీలం లాక్కున్నాడు, డప్పులవాళ్ళు తోళ్ళు వెచ్చబెట్టిన మంట దగ్గర నుంచి పరిగెత్తారు. ఈ ముక్కలో డప్పు మనిషి పడిపోగానే వరసలో వాళ్ళు ఆయన్ని పేరు పెట్టి పిలవాలి. యాక్షన్ అన్నారు. పడిపోయాడు. మా వీధి మనిషి ఒకాయన, మూడు రోజులుగా రిహార్సల్లో అలవాటైన నోటితో, గుండె పగిలేలా "జోజీ" అని అరిచాడు. కట్ అన్నారు రవిచంద్ర గారు. మెల్లగానే అన్నారు. మళ్ళీ తీశారు. ఈసారి నలభై మందీ "సోములూ" అన్నారు. మామ్మ రెండు సార్లూ వింది. రెండు సార్లకీ మొహం ఒకేలా ఉంది, లేక నాకు చదవడం రాలేదు.

ఈ సినిమా వస్తుంది, మీరు చూడండి, చాలామంది ఎండలో కష్టపడ్డారు, పులి చాలా బాగా వస్తుందని అంటున్నారు. ఇంటర్వెల్ ముందు ఒక డప్పు మనిషి పడిపోతాడు, పక్కవాళ్ళు సోములూ అని అరుస్తారు. ఆయన పేరు జోజి. అప్పటికి ముప్ఫై ఏళ్ళు, భార్య, నాలుగేళ్ళ కూతురు. ఎవరి వల్ల పోయాడో నేను మీకు చెప్పలేను, ఒకసారి తెలిసినట్టు చెప్పి తప్పు చేశాను, ఇక చెప్పను. పేరు మాత్రం ఖాయంగా తెలుసు. జోజి. దయచేసి ఆ ఒక్క పేరు గుర్తుపెట్టుకోండి.